ఇంజెక్టర్‌కు ఇటూ అటూ: మార్పులు చేసిన ఇంజన్లలో ఇంధన పీడనం

సభకు నమస్కారం. ఆటోమొబైల్ విభాగం విద్యార్థులతో పాటు, ఇంజన్ పని స్వయంగా చేసే మెకానిక్ మిత్రులు కూడా ఈ హాలులో ఉన్నారు కనుక, సూత్రంతో కాకుండా ఒక బేరంతో మొదలుపెడతాను. జనరల్ మోటార్స్ కంపెనీ 2008 మోడల్ కార్వెట్ కారులో పెట్టిన ఎల్ఎస్3 అనే 6.2 లీటర్ల వీ8 ఇంజన్ ఇంజెక్టర్లు అమెరికాలో పాత విడిభాగాల వ్యాపారంలో విరివిగా చేతులు మారుతుంటాయి. అదే ఇంజెక్టర్‌ను ఒకరు గంటకు 42 పౌండ్ల ఇంధనం ఇచ్చేదని, మరొకరు 36 పౌండ్లదని చెప్పి అమ్ముతారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. మొదటివారు చెప్పింది ఆ కారు ఫ్యూయల్ రైలులో, అంటే ఇంజెక్టర్లన్నిటికీ ఇంధనం అందించే గొట్టంలో ఉండే 58 పీఎస్ఐ, అంటే 4 బార్ పీడనం దగ్గర వచ్చే ప్రవాహం. రెండోవారు చెప్పింది విడిభాగాల ప్రపంచంలో ఎక్కువమంది పాటించే 43.5 పీఎస్ఐ, అంటే 3 బార్ దగ్గర వచ్చే ప్రవాహం. పీడనం చెప్పకుండా ఇంజెక్టర్ సైజు చెప్పడం, ఏ ఊరి నుంచో చెప్పకుండా దూరం చెప్పడమే. ఈ రోజు మనం మాట్లాడుకునేదంతా ఆ రెండు అంకెల మధ్య ఉన్న తేడా ఎక్కడి నుంచి వచ్చింది, దానిని ఇంజన్‌కు మార్పులు చేసేవారు ఎలా వాడుకున్నారు, ఎక్కడ దెబ్బతిన్నారు అన్నదే.

ఇంజెక్టర్ అంటే విద్యుత్తుతో తెరుచుకొని మూసుకొనే ఒక చిన్న వాల్వు, దాని చివర ఒకటో కొన్నో సన్నని రంధ్రాలు. అది పూర్తిగా తెరుచుకొని ఉన్నప్పుడు రంధ్రం వైశాల్యం మారదు కనుక, ఎంత ఇంధనం పోతుందన్నది అది ఎంత వేగంతో బయటికి దూకుతుందన్న దానిమీదే ఆధారపడి ఉంటుంది. రంధ్రానికి ముందు ఉన్న పీడనం రంధ్రం దాటాక చలనశక్తిగా మారుతుంది. చలనశక్తి వేగానికి కాక వేగపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. అందుచేత వేగం, దానితో పాటు ప్రవాహం, పీడన వ్యత్యాసపు వర్గమూలాన్ని అనుసరించి పెరుగుతాయి. లెక్క చాలా సులభం: కొత్త పీడనాన్ని పాత పీడనంతో భాగించి, వచ్చిన దానికి వర్గమూలం తీసి, పాత ప్రవాహాన్ని దానితో హెచ్చించాలి. 3 బార్ దగ్గర నిమిషానికి 440 సీసీలు ఇచ్చే ఇంజెక్టర్ 4 బార్ దగ్గర సుమారు 508 సీసీలు ఇస్తుంది. అంటే పీడనం 33 శాతం పెంచితే ప్రవాహం 15 శాతమే పెరిగింది. 6 బార్‌కు తీసుకువెళితే సుమారు 622 సీసీలు వస్తాయి. రెట్టింపు, అంటే 880 సీసీలు కావాలంటే 12 బార్ కావాలి. మన రాయలసీమలో బత్తాయి తోటలకు డ్రిప్పు వేసిన రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. పీడనాన్ని తనంతట తాను సరిచేసుకోని మామూలు డ్రిప్పర్ కూడా దాదాపు ఇదే వర్గమూల సూత్రాన్ని పాటిస్తుంది కనుక, చెట్టుకు రెట్టింపు నీళ్లు కావాలనుకున్న రైతు మోటారు పీడనాన్ని నాలుగింతలు చేయడు, చెట్టు మొదట్లో ఇంకొక డ్రిప్పర్ గుచ్చుతాడు.

పుస్తకాల్లో ఈ వర్గమూలం దగ్గరే ఆగిపోతారు. ఇంజన్ మీద పనిచేసేవారు ఇంకొక అడుగు వేయాలి. పంపు చేసే పని పీడనాన్ని ప్రవాహంతో హెచ్చిస్తే వస్తుంది. ఇంజెక్టర్ మార్చకుండా పీడనంతోనే ప్రవాహాన్ని రెట్టింపు చేయాలంటే పీడనం నాలుగింతలు, ప్రవాహం రెండింతలు, కాబట్టి ఇంజెక్టర్ల గుండా పోయే ఇంధనం కోసం పంపు చేయాల్సిన పని ఎనిమిదింతలు అవుతుంది. అదే రెట్టింపు సైజు ఇంజెక్టర్లు పెడితే పీడనం మారదు, పంపు పని రెండింతలే. పీడనం అన్నది ఖరీదైన మార్గమని నేను అనడానికి కారణం ఇదే. రైలు పీడనాన్ని అదుపు చేసే రెగ్యులేటర్ మీద స్క్రూ తిప్పడానికి ఒక్క నిమిషం చాలు, కానీ ఆ ఖర్చు ట్యాంకులో ఉన్న పంపు మోటారు, దాని వైరింగు, దాని ఫ్యూజు మోస్తాయి.

ఇప్పటిదాకా పీడనం అని ఒక్క మాటలో చెప్పుకుంటూ వచ్చాను. సరిగ్గా చెప్పాలంటే అది ఇంజెక్టర్‌కు ముందు ఉన్న పీడనానికీ, వెనుక ఉన్న పీడనానికీ మధ్య వ్యత్యాసం. ముందు ఉన్నది ఫ్యూయల్ రైలు. వెనుక ఉన్నది సిలిండర్లకు గాలి తీసుకువెళ్లే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్. రైలులో పెట్టిన గేజ్ వాతావరణ పీడనంతో పోల్చి అంకె చూపిస్తుంది. ఇంజెక్టర్ మాత్రం మ్యానిఫోల్డ్‌తో పోల్చుకుంటుంది. ఐడిల్‌లో, అంటే కారు కదలకుండా ఇంజన్ నెమ్మదిగా తిరుగుతూ, గాలిని అదుపు చేసే త్రాటిల్ మూసి ఉన్నప్పుడు మ్యానిఫోల్డ్‌లో పీడనం వాతావరణ పీడనం కన్నా 0.6 బార్ మేర తక్కువగా ఉంటుంది. అంటే అది ఇంధనాన్ని తనవైపు లాక్కుంటుంది. టర్బో గాలిని కుక్కి ఒక బార్ అదనపు పీడనం, అంటే బూస్టు ఇస్తున్నప్పుడు అదే మ్యానిఫోల్డ్ ఇంధనాన్ని వెనక్కు నెడుతుంది. రైలు గేజ్ 3 బార్ దగ్గర కదలకుండా నిలబడిందనుకుందాం. ఐడిల్‌లో ఇంజెక్టర్ చూసే వ్యత్యాసం 3.6 బార్, పూర్తి బూస్టులో 2 బార్ మాత్రమే. ఇంజన్‌కు ఇంధనం అత్యవసరమైన క్షణంలోనే ఇంజెక్టర్ ప్రవాహం 18 శాతం పడిపోతుంది. గేజ్ కదలలేదు కనుక అంతా బాగుందనుకునే వారు పొరబడేది ఇక్కడే.

ఈ చిక్కుకు పరిష్కారం టర్బో కార్లు విరివిగా రాకముందే వచ్చింది. బాష్ కంపెనీ 1967లో ఫోక్స్‌వ్యాగన్ 1600 కారుతో తెచ్చిన డి-జెట్రానిక్ పద్ధతిలో రైలు పీడనం సుమారు 2 బార్ దగ్గర స్థిరంగా ఉండేది, మ్యానిఫోల్డ్ సంగతి రెగ్యులేటర్‌కు తెలియదు, ఆ తేడాను లెక్కలోనే సర్దుకునేవారు. 1974 నాటి ఎల్-జెట్రానిక్‌లో రెగ్యులేటర్ డయాఫ్రమ్ పైభాగానికి మ్యానిఫోల్డ్ నుంచి ఒక సన్నని గొట్టం కలిపారు. స్ప్రింగుకు మ్యానిఫోల్డ్ పీడనం తోడవుతుంది లేదా వ్యాక్యూమ్ దాని బలాన్ని తగ్గిస్తుంది. దానితో రైలు పీడనం మ్యానిఫోల్డ్ వెంటే లేచి పడుతుంది, వ్యత్యాసం మాత్రం మారదు. 3 బార్ రెగ్యులేటర్ ఉన్న టర్బో కారులో ఐడిల్‌లో గేజ్ 2.4 దగ్గర, ఒక బార్ బూస్టులో 4 దగ్గర ఉండాలి. అలా కదిలితేనే ఆరోగ్యం, కదలకపోతేనే జబ్బు. మెకానిక్ మిత్రులు గుర్తుంచుకోవలసిన పని ఒకటి ఉంది. మూల పీడనాన్ని సరిచేసేటప్పుడు ఆ వ్యాక్యూమ్ గొట్టం ఊడదీసి, దాని మొన మూసి, ఐడిల్‌లో గేజ్ చూసి సరిచేయాలి, ఆ తరువాత గొట్టం తిరిగి పెట్టి క్లిప్పు బిగించాలి. టర్బో బిగించిన ఇంజన్లలో క్లిప్పు లేకుండా వదిలేసిన ఆ గొట్టం బూస్టుకు ఊడిపోతే రైలు పీడనం మూల పీడనం దగ్గరే ఆగిపోతుంది, మిశ్రమం లీన్ అవుతుంది, అంటే గాలికి తగిన ఇంధనం అందదు, ఇంధనం అదుపు తప్పి పేలే నాకింగ్ మొదలవుతుంది, పిస్టన్ అంచులు కరగడానికి ఆ తరువాత ఎక్కువసేపు పట్టదు. అంత ఖరీదైన ఇంజన్ ప్రాణం అంత చౌక గొట్టం మీద ఉండటం ఈ వృత్తిలో ఎప్పటికీ మింగుడుపడని విషయం.

1990ల చివరి నుంచి చాలా కంపెనీలు మిగిలిన ఇంధనాన్ని ట్యాంకుకు తిరిగి పంపే రిటర్న్ లైను తీసివేశాయి. రైలు దాకా వెళ్లి వేడెక్కిన పెట్రోలు మళ్లీ ట్యాంకులోకి వస్తే ఆవిరి పెరుగుతుంది, ఆవిరి పెరిగితే కాలుష్య పరీక్షలో ఇబ్బంది. అందుకని రెగ్యులేటర్‌ను ట్యాంకు దగ్గరే ఉంచి, రైలుకు ఒకే గొట్టం వేశారు. మొదట చెప్పిన ఎల్ఎస్ ఇంజన్లు ఈ కోవలోనివే. అక్కడ రైలు 4 బార్ దగ్గర స్థిరంగా ఉంటుంది, మారే వ్యత్యాసాన్ని ఈసీయూ అనే ఇంజన్ కంప్యూటర్ లోపలి పట్టిక సర్దుతుంది: మ్యానిఫోల్డ్ పీడనం ఇంత అయితే ఇంజెక్టర్ ప్రవాహం ఇంత అని. కంపెనీ కారుకు ఇది చక్కని ఏర్పాటు. ఆ కారుకు టర్బోలాగే గాలిని కుక్కే సూపర్‌చార్జర్ బిగించినప్పుడు మాత్రం పట్టికలో బూస్టు గడులు ఉన్నాయా, ఉంటే సరైన అంకెలతో నింపారా అన్నది చూడాలి. ఒక బార్ బూస్టులో వ్యత్యాసం 4 నుంచి 3కు దిగుతుంది, ప్రవాహం 13 శాతం తగ్గుతుంది. పట్టికకు ఆ సంగతి తెలియకపోతే, ఈసీయూ అంకెలు సరిచేసే ట్యూనర్ తెలియకుండానే ఆ 13 శాతాన్ని వేరొక చోట, గాలి లెక్కలోనో మిశ్రమపు లక్ష్యంలోనో దాచిపెడతాడు. కారు నడుస్తుంది. మూడు నెలల తరువాత ఇంజెక్టర్లు మార్చిన రోజున ఆ దాచిన అబద్ధం బయటపడి, ఏ అంకె నిజమో ఎవరికీ తెలియని పరిస్థితి వస్తుంది.

పీడనాన్ని ఆయుధంగా వాడిన కాలం ఒకటి ఉంది. దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో చేయదగినవీ చేయకూడనివీ అన్నీ ఆ కథలో ఉన్నాయి. ఫోర్డ్ మస్టాంగ్ 5.0 కారు 1986లో మల్టీపాయింట్ ఇంజెక్షన్‌కు మారింది. 1987 నుంచి 225 హార్స్‌పవర్ ఇచ్చేది. అమెరికాలో జీతం మీద బతికే కుర్రవాడు కొనగలిగిన వేగం అది. ఆ ఇంజన్‌కు ఎనిమిది ఇంజెక్టర్లు, ఒక్కొక్కటి 39 పీఎస్ఐ దగ్గర గంటకు 19 పౌండ్లు, అంటే నిమిషానికి సుమారు 200 సీసీలు. ట్యాంకులో గంటకు 88 లీటర్ల పంపు. ఒక లెక్క వేద్దాం. మామూలు పెట్రోలు ఇంజన్ ఒక హార్స్‌పవర్‌కు గంటకు దాదాపు అర పౌండు ఇంధనం తాగుతుంది. ఎనిమిది ఇంజెక్టర్లు కలిపి 152 పౌండ్లు. వాటిని 85 శాతం కన్నా ఎక్కువసేపు తెరిచి ఉంచకూడదన్న నియమం పెట్టుకుంటే 129 పౌండ్లు. అంటే సుమారు 258 హార్స్‌పవర్ వరకు ఆ ఇంజెక్టర్లు సరిపోతాయి. కంపెనీ వదిలిన అదనపు అవకాశం అంతే.

1990లలో వోర్టెక్ వంటి సంస్థలు ఈ కారుకు సెంట్రిఫ్యూగల్ సూపర్‌చార్జర్ కిట్లు అమ్మాయి. 6 పీఎస్ఐ బూస్టుతో 300 హార్స్‌పవర్ ఆశించారనుకుందాం. బూస్టు ఇంజన్‌ను నాకింగ్ నుంచి కాపాడటానికి మిశ్రమాన్ని రిచ్‌గా, అంటే ఇంధనం ఎక్కువగా ఉంచాలి కనుక హార్స్‌పవర్‌కు 0.6 పౌండ్ల లెక్క వేయాలి. గంటకు 180 పౌండ్లు. అదే 85 శాతం నియమం పాటిస్తే ఒక్కొక్క ఇంజెక్టర్ 26.5 పౌండ్లది కావాలి, ఉన్నవేమో 19 పౌండ్లవి. పెద్ద ఇంజెక్టర్లు పెట్టవచ్చు కదా అని మీరు అడుగుతారు. పెట్టవచ్చు, కానీ ఈఈసీ-IV అనే ఆ కారు కంప్యూటర్‌లో 19 పౌండ్లు అన్న అంకె నాటుకొని ఉంది, దానిని మార్చే సాధనాలు ఆనాడు సామాన్యుడి చేతికి రాలేదు. 30 పౌండ్ల ఇంజెక్టర్ పెడితే ఐడిల్‌లోనే పొగ. అందుకని కిట్ తయారీదారులు కంప్యూటర్‌ను ముట్టుకోకుండా, రిటర్న్ లైనులో అసలు రెగ్యులేటర్ తరువాత ఇంకొక రెగ్యులేటర్ పెట్టారు. ఎఫ్ఎంయూ అని పిలిచే ఆ పరికరంలో బూస్టు తగిలే డయాఫ్రమ్ పెద్దది, ఇంధనం తగిలే వైశాల్యం చిన్నది. ఆ రెండింటి నిష్పత్తి 12 అయితే ఒక్కొక్క పీఎస్ఐ బూస్టుకు ఇంధన పీడనం 12 పీఎస్ఐ పెరుగుతుంది. బూస్టు లేనప్పుడు అది ఉన్నట్టే తెలియదు. కంప్యూటర్ ఎప్పటిలా ఇంజెక్టర్‌ను తెరిచే పల్స్ ఇస్తుంది, పల్స్‌కు వచ్చే ఇంధనం మాత్రం ఎక్కువవుతుంది. తెలివైన ఏర్పాటు అని ఒప్పుకోవాలి.

మన లెక్క ప్రకారం దానికి ఎంత పీడనం కావాలి? 26.5ను 19తో భాగిస్తే సుమారు 1.39, దాని వర్గం 1.94, 39 పీఎస్ఐని దానితో హెచ్చిస్తే వ్యత్యాసం 76, దానికి మ్యానిఫోల్డ్‌లో ఉన్న 6 కలిపితే గేజ్ మీద 82 పీఎస్ఐ. అంటే 7:1 నిష్పత్తి సరిపోతుంది. 12:1 పెట్టినవారికి కాగితం మీద 111 పీఎస్ఐ వస్తుంది, కానీ నిజంగా ఆ అంకె చూసినవారు తక్కువ, ఎందుకంటే పంపు అందుకు ఒప్పుకోదు. 180 పౌండ్లంటే గంటకు సుమారు 113 లీటర్లు. దానిని 82 పీఎస్ఐకి ఎదురుగా నెట్టాలి. ట్యాంకులో ఉన్న 88 లీటర్ల పంపు ఆ దరిదాపుల్లో కూడా లేదు. పంపు మీద రాసిన అంకె కూడా ఒక పీడనానికి చెందిన అంకెనే. పీడనం పెరిగేకొద్దీ ప్రవాహం తగ్గుతుంది, మోటారు లాగే కరెంటు పెరుగుతుంది, పాత వైరింగులో వోల్టేజి పడిపోతుంది, వోల్టేజి పడితే ప్రవాహం మళ్లీ తగ్గుతుంది. కొన్ని పంపుల్లో లోపలే ఒక రిలీఫ్ వాల్వు ఉండి, ఒక స్థాయి దాటగానే ఇంధనాన్ని లోపలే తిప్పేస్తుంది. అందుకని ట్యాంకు పంపు తరువాత వరుసలో ఇంకొక పంపు పెట్టేవారు. వరుసలో పెట్టిన పంపుల పీడనాలు కలుస్తాయి, పక్కపక్కన పెట్టిన పంపుల ప్రవాహాలు కలుస్తాయి. ఎఫ్ఎంయూ కారుకు కావలసింది మొదటిది, పెద్ద ఇంజెక్టర్ల కారుకు కావలసింది రెండోది. ఈ తేడా తెలియక డబ్బు పోసినవారు ఆనాడే కాదు, ఈనాడూ ఉన్నారు.

రెండో ఇబ్బంది ఇంజెక్టర్ లోపల ఉంది. ఇంధన పీడనం ఇంజెక్టర్ సూదిని దాని పీఠానికి అదిమి పెడుతుంది. కాయిల్ దానిని ఆ పీడనానికి ఎదురుగా పైకి లాగాలి. కాయిల్‌కు కరెంటు ఇచ్చిన క్షణానికీ, ఇంధనం నిజంగా పారడానికీ మధ్య పోయే సమయాన్ని డెడ్ టైమ్ అంటారు. 14 వోల్టుల దగ్గర మామూలుగా ఒక మిల్లీసెకను అటూ ఇటూ ఉంటుంది. పీడనం పెరిగితే అది పెరుగుతుంది, వోల్టేజి తగ్గినా పెరుగుతుంది. ఎఫ్ఎంయూ కారులో ఈ రెండూ ఒకేసారి జరుగుతాయి, పైగా పంపులే వోల్టేజిని తినేస్తున్నాయి. ఒక హద్దు దాటితే సూది పూర్తిగా లేవదు, కొన్ని ఇంజెక్టర్లు అసలు తెరుచుకోవు. అప్పుడు పీడనం పెంచేకొద్దీ ఇంధనం తగ్గే వింత కనిపిస్తుంది. వర్గమూల సూత్రం తప్పలేదు. తెరుచుకున్న రంధ్రానికే ఆ సూత్రం వర్తిస్తుంది, సగం తెరుచుకున్న దానికి కాదు.

మరొక తరహా పనివారు పెద్ద ఇంజెక్టర్లు పెట్టి, గాలిని కొలిచే మాస్ ఎయిర్ మీటర్‌ను వాటికి తగినట్టు తక్కువ చూపించేలా మార్చి అమ్మారు. గాలి తక్కువని నమ్మిన కంప్యూటర్ పల్స్ తగ్గిస్తుంది, ఐడిల్ బాగుంటుంది. అయితే అదే గాలి అంకెతో ఆ కంప్యూటర్ ఇంజన్ మీద భారాన్ని కూడా లెక్కిస్తుంది, భారం తక్కువని భ్రమపడి ఇగ్నిషన్‌ను, అంటే నిప్పురవ్వ వేసే క్షణాన్ని ముందుకు జరుపుతుంది. బూస్టు ఉన్న ఇంజన్‌లో అంతకన్నా ప్రమాదకరమైన భ్రమ ఉండదు. నా అభిప్రాయంలో ఈ రెండు మార్గాల్లో ఎఫ్ఎంయూయే కాస్త నిజాయితీ గలది. అది కంప్యూటర్‌కు తెలియకుండా పనిచేసింది, కానీ దానికి అబద్ధం చెప్పలేదు.

ఇదే కాలంలో సూపర్‌చార్జర్ లేని మస్టాంగ్‌లకు సర్దుబాటు రెగ్యులేటర్ బిగించి, 39ని 45కు పెంచి, కారు వేగం పెరిగిందని చెప్పుకున్నవారు లెక్కలేనంత మంది. 39 నుంచి 45 అంటే ప్రవాహం సుమారు 7 శాతం పెరుగుతుంది. ఆక్సిజన్ సెన్సర్ పనిచేస్తున్నంతసేపూ కంప్యూటర్ మిశ్రమం రిచ్ అయిందని గమనించి ఆ 7 శాతాన్ని పల్స్‌లోంచి కోసేస్తుంది. పూర్తి త్రాటిల్‌లో సెన్సర్ మాట వినదు కాబట్టి అక్కడైనా ఫలితం మిగులుతుందని ఆశ. కానీ తాను నేర్చుకున్న సవరణను కంప్యూటర్ గుర్తుపెట్టుకొని పూర్తి త్రాటిల్‌లో కూడా వాడుకుంటే, కొన్నాళ్లకు ఆ లాభం కూడా కరిగిపోతుంది. రెగ్యులేటర్ మార్చిన రోజున బ్యాటరీ తీసి పెట్టడంతో ఆ జ్ఞాపకం చెరిగిపోతుంది. కాబట్టి ఆ సాయంత్రం కారు నిజంగానే మారినట్టు అనిపిస్తుంది, నెల తిరిగేసరికి ఆ మార్పు కనబడదు.

ఈనాటి పద్ధతికి వద్దాం. ఈసీయూలో ప్రతి అంకెనూ మార్చుకోగల అవకాశం వచ్చాక, పీడనం చేయవలసిన పని ఒక్కటే మిగిలింది: మారకుండా ఉండటం. సరైన సైజు ఇంజెక్టర్ ఎంచుకొని, వ్యత్యాసాన్ని 3 దగ్గరో 4 దగ్గరో నిలిపి, ఆ పీడనం దగ్గర కొలిచిన ప్రవాహాన్నీ, వోల్టేజికి తగిన డెడ్ టైమ్ పట్టికనూ ఈసీయూకు ఇవ్వాలి. డెడ్ టైమ్ పట్టిక కూడా పీడనానికి కట్టుబడిందే. ఐడిల్‌లో పల్స్ 2.5 మిల్లీసెకన్లు, అందులో ఒకటి డెడ్ టైమ్ అనుకుంటే ఇంధనం పారేది 1.5 మిల్లీసెకన్లే, డెడ్ టైమ్‌లో 0.15 తేడా వస్తే పది శాతం ఇంధనం తేడా వచ్చినట్టు. 6000 ఆర్‌పీఎం దగ్గర నాలుగు స్ట్రోకుల చక్రానికి 20 మిల్లీసెకన్లు ఉంటాయి. 16 మిల్లీసెకన్ల పల్స్‌లో అదే 0.15 ఒక శాతమే. పీడనం మార్చి పట్టిక మార్చని కారు పైన బాగా పరుగెత్తుతూ సిగ్నల్ దగ్గర మాత్రం వణికేది ఇందుకే. పెద్ద ఇంజెక్టర్లను ఐడిల్‌లో అదుపు చేయలేక కొందరు పీడనాన్ని 2.5కు దించుతారు, దానివల్ల తుంపర నాణ్యత తగ్గుతుంది కనుక నేను ఆ పనిని ప్రోత్సహించను. 3 నుంచి 4కు పెంచడం వేరు. ఇంజెక్టర్ తయారీదారు ఆ పీడనానికి అంకెలు ఇచ్చి ఉంటే, పంపులో బలం ఉంటే, ఆ 15 శాతం గౌరవంగా తీసుకోదగినదే.

వ్యత్యాసం మారకుండా ఉందో లేదో ఐడిల్‌లో చూస్తే తెలియదు. రైలు మీద ఒక ప్రెషర్ సెన్సర్ పెట్టి, మ్యానిఫోల్డ్ సెన్సర్‌తో పాటు దానిని రికార్డు చేసి, ఒకదానిలోంచి మరొకటి తీసివేసి వచ్చిన గీతను చూడాలి. మూడో గేరులో పూర్తి త్రాటిల్‌తో రెడ్‌లైన్ వరకు లాగినప్పుడు ఆ గీత అడ్డంగా నిలవాలి. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ కిందికి వాలితే ప్రవాహం చాలడం లేదని అర్థం: పంపు చిన్నదో, ఫిల్టరు మూసుకుపోయిందో, పంపుకు వచ్చే వోల్టేజి తక్కువో. పంపు కనెక్టర్ దగ్గర వోల్టేజి కొలిస్తే మూడో కారణం అక్కడికక్కడే తేలుతుంది. మలుపుల్లో మాత్రమే గీత గుంటలు పడితే ట్యాంకులో ఇంధనం పక్కకు జరిగి పంపు గాలి పీలుస్తోంది. ఐడిల్‌లోనే గీత పైన ఉండిపోయి, స్క్రూ వదులు చేసినా దిగకపోతే రిటర్న్ గొట్టం సన్ననిదై, పెద్ద పంపు పంపే ఇంధనం ట్యాంకుకు తిరిగి పోలేకపోతోంది. ఇంజెక్టర్లు ఒకదాని వెంట ఒకటి మూసుకున్నప్పుడు రైలులో అలలు పుడతాయి, వాటివల్ల కొన్ని వేగాల దగ్గర ఒక సిలిండర్‌కు ఎక్కువ, మరొకదానికి తక్కువ ఇంధనం పోతుంది. కంపెనీవారు ఆ అలలను అణచడానికి రైలు మీద పెట్టిన డ్యాంపర్‌ను అందం కోసం తీసివేసిన రైళ్లలో ఇది ఎక్కువ. నిదానమైన గేజ్‌కు అది అందదు.

డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోలు ఇంజన్లూ కామన్ రైల్ డీజిల్ ఇంజన్లూ ఈ కథలోనివే, కానీ అంకెలు వేరు. మొదటిదానిలో వందల బార్లు, రెండోదానిలో వేల బార్లు. మన దేశంలో డీజిల్ కార్లకు పెట్టే ట్యూనింగ్ బాక్సుల్లో చాలావరకు రైలు పీడన సెన్సర్ సంకేతాన్ని తక్కువ చేసి ఈసీయూకు చూపిస్తాయి. ఈసీయూ పీడనం తగ్గిందనుకొని పెంచుతుంది. అంటే మస్టాంగ్ ఎఫ్ఎంయూకు ఇది వారసురాలు, ఇగ్నిషన్‌ను తప్పుదారి పట్టించిన ఆ మీటర్‌కు కూడా. 10 శాతం పీడనానికి 5 శాతం ఇంధనమే వస్తుందన్న వర్గమూలం ఇక్కడా మారదు. హై ప్రెషర్ పంపు, ఇంజెక్టర్, రైలు మీది రిలీఫ్ వాల్వు మోసే భారం మాత్రం నిజమైన 10 శాతం.

చట్టం మాట కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వాహనంలో తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా మార్పులు చేయడాన్ని నియంత్రిస్తుంది. కాబట్టి ఇక్కడ చెప్పిన పెద్ద మార్పులు చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై, కోయంబత్తూరు కరి స్పీడ్‌వే వంటి ట్రాక్‌ల మీద నడిచే కార్లకే. మన హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరిలో జరిగిన విద్యుత్ కార్ల ఫార్ములా ఈ పోటీలో ఇంజెక్టర్లకే పని లేదు, కనుక దానిని ఉదాహరణగా ఇవ్వలేకపోతున్నాను.

చివరిగా, మీలో చాలామంది ముందుగానే చీటీల మీద రాసి పంపిన ప్రశ్న: ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు గురించి. 2023 నుంచి ఎంపిక చేసిన బంకుల్లో మొదలై, 2025 నాటికి దేశమంతటా పెట్రోలులో ఇథనాల్ వాటా 20 శాతానికి చేరింది. శుద్ధ పెట్రోలుకు ఒక వంతు ఇంధనానికి సుమారు 14.7 వంతుల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 వంతులు చాలు. ఈ20కి అది సుమారు 13.5. అంటే అదే గాలికి బరువులో 8, 9 శాతం ఎక్కువ ఇంధనం కావాలి. ఇథనాల్ కాస్త చిక్కనిది కనుక పరిమాణంలో ఆ తేడా 7 శాతం దగ్గర ఆగుతుంది. దీన్ని పీడనంతో పూడ్చాలంటే 1.07 వర్గం 1.145, 3 బార్‌ను 3.4కు పెంచాలి. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న మామూలు కారుకు ఆ అవసరం లేదు, ఆ 7 శాతాన్ని ఈసీయూ సవరణ తనంతట తానే భరిస్తుంది. గమనించవలసింది రబ్బరు గొట్టాలనూ రెగ్యులేటర్ డయాఫ్రమ్‌నూ. ఇంజెక్టర్లు ఇప్పటికే 85 శాతం తెరిచి నడుస్తున్న టర్బో ట్రాక్ కారుకు మాత్రం అదే పల్స్ 91 శాతానికి పోతుంది. అటువంటి కారు ఉన్నవారు రెగ్యులేటర్ జోలికి పోకుండా, ముందుగా పంపు దగ్గర వోల్టేజి, తరువాత పూర్తి బూస్టులో వ్యత్యాసపు గీత చూసి, ఆ రెండూ సరిగా ఉంటే తరువాతి సైజు ఇంజెక్టర్లకు డబ్బు కేటాయించుకోవాలి. కొనేటప్పుడు ఆ సైజు ఏ పీడనం దగ్గర కొలిచారో రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి.